మెడలో బిళ్ళ

మొగిలి ఘాట్‌లో కారు ఆగింది. అప్పటికి నేను కళ్ళు తెరిచి నెల కూడా కాలేదు. ఒక చెయ్యి నన్ను పువ్వును పట్టుకున్నంత మెత్తగా పట్టుకుని రోడ్డు పక్క గడ్డిలో దించింది. తల నిమిరింది. ముందర ఒక క్రీము బిస్కెట్టు పెట్టింది. అది తిని తలెత్తేసరికి కారు లేదు.

ఆ పాఠం నేను ఇంతవరకు మరిచిపోలేదు. ఊరు కాని చోట బండి ఆగి, తలుపు తెరుచుకుని, చెయ్యి మామూలు కంటే మెత్తగా తగిలి, తినడానికి తీపి వచ్చిందంటే దిగకూడదు.

చీకటి పడేదాకా లారీల గాలికి ఆ గడ్డిలోనే దొర్లాను. మొగిలీశ్వరుడి గుడికి పోయి ఆటోలో వస్తున్న అవ్వ చెవిన నా ఏడుపు పడింది. ఆటో ఆపించి, దిగి, నన్ను ఎత్తుకుంది. ఆమె చెయ్యి మెత్తగా లేదు. చెనిక్కాయలు వొలిచి వొలిచి గరుకెక్కిన చెయ్యి. "ఎవుర్రా నిన్నీడ పారేసి పొయ్యింది నల్లోడా" అని తిట్టినట్టే అడిగి కొంగులో వేసుకుంది. ఇంటికి పోయాక రాగిసంగటి ముద్దలోంచి గోరంత తుంచి, మజ్జిగలో నలిపి నా ముందర పెట్టింది. నల్లోడు అనేది నా పేరయింది ఆ రాత్రే.

అది జరిగి నాలుగేళ్ళు. ఇప్పుడు చెప్పేది 2025 జులై నెల సంగతి.

అవ్వ కొడుకు అమెరికాలో ఉంటాడు. అంతకు ముందు ఏడాది పెళ్ళాన్ని, కూతుర్ని తీసుకుని పలమనేరు దగ్గర ఉన్న మా ఊరికి వచ్చాడు. ఉన్న ఇరవై రోజులూ పాప నా పక్కనే వసారాలో పడుకుంది. తిరిగి పోయాక ఆ బిడ్డ నా కోసం అన్నం మానేసిందట. అప్పుడు తీర్మానం చేశారు, నన్ను అమెరికాకు తీసుకుపోవాలని.

మనిషి పోవాలన్నా కుక్క పోవాలన్నా కాగితాలు కావాలి. రేబిస్ భయం ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో అమెరికా వాళ్ళు మన దేశాన్ని పెట్టారు. 2024 ఆగస్టు నుంచి వాళ్ళ నియమాలు ఇంకా బిగిశాయి. మెడ చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు ఉండాలి. రేబిస్ టీకా పడాలి. టీకా ఒంటికి పట్టిందో లేదో తేల్చడానికి నెత్తురు తీసి పరీక్షకు పంపాలి, తీసిన రోజు నుంచి కనీసం 28 రోజులు ఆగాలి. విమానం ఎక్కే ముందు చెన్నైలో పశువుల క్వారంటైన్ అధికారుల కాగితం ఉండాలి. కొడుకు ఫోనులో ఒక్కొక్కటే చెబుతుంటే ఇవన్నీ చేసింది అవ్వ. కుక్కను బస్సెక్కనివ్వరు గనక తిరుపతి మార్కెట్టుకు పోయే టమోటా వ్యానులో డ్రైవరు కాళ్ళా వేళ్ళా పడి, పెట్టెల మధ్య నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. తిరుపతిలో 1955లో పెట్టిన పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రికి తీసుకుపోయేది. "మా బిడ్డ అమెరికా పోవాల సామీ, చిప్పు ఎయ్యాలంట" అంటే అక్కడి మనిషి బిడ్డ కోసం అవ్వ వెనక్కి చూశాడు. వెనకాల నేనున్నాను.

సూది పడేటప్పుడు అవ్వ నా కళ్ళు మూసేది. తన కళ్ళూ మూసుకునేది.

నా కాగితాలన్నీ ఒక నీలం ఫైలులో పెట్టింది. పలమనేరు స్టూడియోలో నాకు ఫోటో తీయించిన రోజే తనకూ నాలుగు ఫోటోలు తీయించుకుని అదే ఫైలులో నా వాటి పక్కన పెట్టి దారంతో కట్టింది. ఫోను చేసిన ప్రతిసారీ చివర్లో అడిగేది: "నా కాగితాల సంగతేందిరా?"

"అయితాయిమా. ముందు దాని పని కానీ."

"సరే నాయనా. అది నోరులేంది. ముందు దాందే కానీ."

జులైలో వాళ్ళు వచ్చింది మామూలు కార్లో కాదు. బెంగళూరు నుంచి తెప్పించిన పెద్ద వ్యాను. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, మూలన చిన్న బాత్‌రూము. అవ్వ మెట్టు మీద నిలబడి తల మాత్రం లోపలికి పెట్టి చూసింది. "ఇదేందిరా నాయనా, ఇల్లే లేచి బండెక్కిందే!"

"అమెరికాలో మేం ఎండాకాలం ఇట్లాంటి దాంట్లోనే తిరుగుతాంమా. నాలుగు రోజులు అందరం తిరుగుదాం. కాణిపాకం, చంద్రగిరి, తిరుపతి. ఆఖర్న చెన్నైలో వీడి కాగితం తీసుకోని..."

"ఆణ్ణించి ఇమానమా?" అంది అవ్వ.

కొడుకు నా మెడ పట్టీ సరిచేస్తూ ఉండిపోయాడు.

బయలుదేరే ముందు అవ్వ తాళం వేసింది. ఇంట్లో పెద్ద పెట్టె ఉంది, బీరువా ఉంది. వాటిలోంచి ఆమె తీసుకుంది ఒక చేతిసంచి. అందులో మూడు చీరలు, నాయుడు తాత ఫోటో, స్టీలు పళ్ళెం. తాళంచెవి కొడుకు అడిగి తీసుకున్నాడు. గేటు అవతల బుల్లెట్టు మీద కూర్చున్న మనిషి వాసన నాకు కొత్త కాదు. నెల ముందు టేపు పట్టుకుని తోటలో మామిడి చెట్లు లెక్కబెట్టి పోయినవాడు. అవ్వను పలమనేరు రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయి వచ్చిన రోజున కూడా ఆ వాసనే ఉంది. ఆ రోజు అవ్వ బొటనవేలికి నీలం సిరా అంటుకుని వచ్చింది. కడిగినా పోలేదు. "పన్ను కట్టే కాగితమంట" అని నాతో చెప్పింది.

తాళంచెవి కొడుకు చేతిలోంచి బుల్లెట్టు మనిషి చేతికి పోయింది. నేను మొరిగాను. "పొయ్యొచ్చేదాకా ఇల్లు చూసుకునేదానికిరా" అని అవ్వ నన్ను సముదాయించింది.

నాకు మాత్రం భయం నా గురించే. బండి కదలకముందే మూడుసార్లు దిగి ఎక్కాను. మొగిలి ఘాట్ మలుపుల్లో బండి నెమ్మదించినప్పుడల్లా మంచం కిందికి దూరి, నాలుగు కాళ్ళ గోళ్ళూ నేలకు దిగేసుకున్నాను. అవ్వ కింద కూర్చుని నా వీపు మీద చెయ్యేసింది. "ఎవురూ నిన్ను పారెయ్యర్లేరా. నేనుండాను గదా."

బంగారుపాళ్యం రాకముందే మామిడి వాసన బండిని చుట్టుకుంది. మాగిన వాసన, దాని కింద కుళ్ళు. తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. రెండు రోజులు, మూడు రోజులు అక్కడే వంటలు, అక్కడే నిద్రలు. ఆ ఏడు ధర పడిపోయింది. ఫ్యాక్టరీ కిలోకి 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు కలిపి 12 అన్నారని, ఆ ఎనిమిదీ చేతికి వస్తుందో రాదోనని టీ అంగడి దగ్గర ఒకాయన తలపట్టుకుని ఉన్నాడు. అవ్వ కిటికీలోంచి అడిగింది, "ఏ ఊరు నాయనా మీది?" ఆయన చెప్పాడు. అవ్వ తన తోట గురించి చెప్పబోయింది. "మాదీ రెండెకరాలుండాది, మేం ఈ ఏడు కాయ కొయ్యనేలా..." కొడుకు అద్దం పైకి ఎత్తేశాడు. ఏసీ చల్లదనం పోతుందన్నాడు.

దారిలో పాప కబుర్లు చెబుతూనే ఉంది. నా తల తన ఒళ్ళో పెట్టుకుని, బండెక్కి దేశం తిరిగిన కుక్క కథ ఒకటి చెప్పింది. 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు 50 డాలర్ల పందెం కాసి, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్కు దాకా కారులో పోయాడట. అమెరికాను అడ్డంగా కారులో దాటడం అదే మొదలు. 63 రోజులు పట్టింది. మధ్యలో ఇడహోలో బడ్ అనే బుల్‌డాగ్‌ను కొని ఎక్కించుకున్నాడు. పై కప్పు లేని కారు, మట్టి రోడ్లు. దుమ్ముకు బడ్ కళ్ళు మండిపోతుంటే దానికీ డ్రైవర్ల కళ్ళద్దాలు తొడిగారు. ఆ కళ్ళద్దాలు ఇప్పటికీ వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్నాయట.

"ఆ డాక్టరు వాళ్ళ అమ్మా నాయినా పొయినారా ఆ కార్లో?" అని అవ్వ అడిగింది.

"లేదు జేజీ. డాక్టరు, ఒక మెకానిక్కు, బడ్. అంతే."

"పాపం" అంది అవ్వ. పెద్దవాళ్ళు లేకుండా పోయే ప్రయాణం ఆమె ఊహకు అందలేదు.

కాణిపాకంలో వాళ్ళు బావిలోని వినాయకుణ్ణి చూసి వచ్చేదాకా నేను, డ్రైవరన్న బండి నీడలో ఉన్నాం. పాకాల దాటాక చీకటి పడింది. ఒక ఊరి బయట ధర్మరాజుల గుడి పక్క మైదానంలో బండి ఆపారు. మైదానం మధ్యలో ఆకాశానికి నిలబెట్టిన పొడుగాటి మాను. దానికి మెట్లు. అవ్వ దిగీ దిగగానే దానికి చేతులెత్తి మొక్కింది.

అది తపస్సుమాను. మా చిత్తూరు జిల్లాలో ఎండాకాలం నుంచి ఊరూరా భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధినాటకం. అర్జునుడి వేషం కట్టినాయన పద్యాలు పాడుతూ ఆ మాను ఎక్కి పాశుపతం కోసం తపస్సు చేస్తాడు. ఆఖరి రోజున మైదానంలో పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుణ్ణి భీముడు కొడతాడు, సాయంత్రం నిప్పులు తొక్కుతారు. అవ్వకు అక్షరం రాదు. భారతం మాత్రం మొత్తం వచ్చు. అరవై ఏళ్ళుగా విన్నదే.

"మీ నాయన నాకు యాడ దొరికినాడో తెలుసునా?" అని పాపను దగ్గరికి లాక్కుంది. "ఈ మాను కిందనే. పెండ్లయి తొమ్మిదేండ్లు కడుపు పండలా. తడిబట్టల్తో ఈ మాను చుట్టూ బోర్ల పడుకుంటే, అర్జునుడు పైనుంచి నిమ్మకాయలిసురుతాడు. మన మీద పడితే బిడ్డ. మూడేండ్లు వరసగా పడుకున్నా. మూడో ఏడు పడింది."

కొడుకు కొంచెం దూరంగా ఫోను చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

ఆ రాత్రి పాపకు నిద్ర రాలేదు. అవ్వ నేల మీద చాప పరుచుకుని, నన్ను ఆనించుకుని ఇంకో కథ ఎత్తుకుంది. భారతం ధర్మరాజు పట్టాభిషేకంతో ముగిస్తారు గానీ, ఆ తర్వాతి సంగతి హరికథ చెప్పే ఆయన ఒక మధ్యాహ్నం విడిగా చెప్పాడట. పాండవులు రాజ్యం వదిలేసి ఉత్తరానికి నడుచుకుంటూ పోయారు. ఐదుగురు అన్నదమ్ములు, ద్రౌపది, వెనకాల ఒక కుక్క. ముందు ద్రౌపది పడిపోయింది. తర్వాత సహదేవుడు. నకులుడు. అర్జునుడు. భీముడు. ధర్మరాజు నడుస్తూనే పోయాడు. స్వర్గం వాకిట్లో ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, ఈ కుక్కను వదిలిపెట్టి నేను రానన్నాడు.

పాప లేచి కూర్చుంది. "భార్య పడిపోతే ఆగలేదా జేజీ?"

"లేదంట."

"తమ్ముళ్ళు పడిపోతే?"

"తిరిగి గూడా చూళ్ళేదంట."

"మరి కుక్క కోసం ఎందుకు ఆగాడు?"

అవ్వ చాలాసేపు నా చెవి నిమురుతూ ఉండిపోయింది. "ఆఖరు దాకా ఎనకాలే వచ్చింది అదొక్కటే గదా బిడ్డా" అంది.

పై మంచం మీంచి కొడుకు దీపం ఆర్పేశాడు.

మర్నాడు చంద్రగిరి కోట బయటినుంచే చూసి తిరుపతి చేరాం. గాంధీ రోడ్డులో స్టీలు సామాన్ల అంగడి ముందు ఒకాయన గిన్నెల మీద చిన్న మిషనుతో పేర్లు చెక్కుతూ ఉన్నాడు. కొడుకు ఒక ఇత్తడి బిళ్ళ కొని ఆయన చేతికిచ్చాడు. గిర్రుమని చప్పుడు, కాలిన ఇనుము వాసన. బిళ్ళను నా మెడపట్టీకి తగిలించారు.

"ఏం చెక్కినార్రా?" అని అవ్వ అడిగింది.

పాప చదివింది. ఒక పక్క 'షాడో'. అది నాకు వాళ్ళు పెట్టిన పేరు. రెండో పక్క కొడుకు ఇక్కడ వాడుతున్న ఫోను నంబరు. "తప్పిపోతే దొరికినవాళ్ళు ఫోన్ చేస్తారు జేజీ."

"మంచి పని చేసినారు. అట్లనే నాకూ ఒకటి చెక్కించండి. కొండమీద జనంలో తప్పిపోతే?"

పాప నవ్వింది, కోడలు నవ్వింది, చెక్కే ఆయనా నవ్వాడు. కొడుకు డబ్బులు లెక్కబెడుతున్నాడు.

అలిపిరి దగ్గర తెలిసింది, కుక్కను కొండమీదికి తీసుకుపోకూడదని. "మీరు పొయ్యి రాండి" అంది అవ్వ. "నేనెన్నిసార్లు చూళ్ళేదు సామిని. వీణ్ణి వదిలి పెడితే బెదిరిపోతాడు." వాళ్ళు ముగ్గురూ పైకి పోయారు. మేం బండి దగ్గర ఉండిపోయాం. రాత్రి కొండ మీదికి నడకదారి దీపాలు వరసగా వెలిగాయి. 3550 మెట్లు. పెళ్ళయిన కొత్తలో, కొడుకు పుట్టాక పుట్టువెంట్రుకలకు, తాత పోయిన ఏడు, అవ్వ ఆ మెట్లన్నీ ఎక్కిందట. కొండ నుంచి గాలి వీచినప్పుడల్లా చిరుత వాసన తగిలి నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. 2023 ఆగస్టులో ఆ దారిలోనే చిరుత ఆరేళ్ళ పాపను ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాత నడిచేవాళ్ళకు చేతికర్రలిచ్చారు. అవ్వ ఆ బిడ్డను తలుచుకుని కళ్ళొత్తుకుంది.

ఒంటిగంటయినా వాళ్ళు రాలేదు. నేను వణకడం మొదలుపెట్టాను.

"వస్తార్లేరా. దర్శనానికి లేటవతాది" అని అవ్వ నన్ను పైట కప్పి పడుకోబెట్టుకుంది. నిద్ర పట్టించడానికి టీవీలో తను చూసిన కుక్క సంగతి చెప్పింది. 2019లో పదముగ్గురు అయ్యప్ప స్వాములు అక్టోబరు 31న తిరుమల నుంచి శబరిమలకు నడుచుకుంటూ బయలుదేరారు. ఒక వీధికుక్క వెంటబడింది. మొదట వాళ్ళు గమనించలేదు. ఊర్లు దాటుతున్నారు, అది ఉంది. రాష్ట్రం దాటారు, అది ఉంది. తాము వండుకున్నదే దానికీ పెట్టారు. నవంబరు 17కి కర్ణాటకలో చిక్కమగళూరు దగ్గర కొట్టిగెహార చేరారు. అప్పటికి 480 కిలోమీటర్లు. కుక్క వెనకాలే ఉంది.

"దాన్ని ఎవురు పిలిచినార్రా?" అంది అవ్వ చీకట్లో. "ఎవురూ పిలవలా."

తెల్లారి వాళ్ళు లడ్డూలతో దిగి వచ్చారు. అవ్వ నా వైపు చూసి, చెప్పలా అన్నట్టు తలూపింది.

చెన్నై పోవాలంటే రేణిగుంట మీదుగా పుత్తూరు దారి పట్టాలి. కొంత దూరం ఆ దారినే పోయి బండి ఒక్కసారి మట్టిరోడ్డులోకి తిరిగింది. కొత్తగా సున్నం కొట్టిన ప్రహరీ ముందు ఆగింది. ఫినాయిలు వాసన, తలనొప్పి మందు వాసన, ఎక్కువమందికి ఒకేసారి వండిన అన్నం వాసన. అరుగుల మీద ముసలివాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు.

ఊరు కాని చోట బండి ఆగింది. తలుపు తెరుచుకుంది. నా గుండె కొట్టుకుంది. మంచం కిందికి దూరి గోళ్ళు దిగేశాను. కొడుకు చేతిలో లడ్డూ ఉంది. చెయ్యి ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది.

ఆ చెయ్యి అవ్వ భుజం మీద పడింది. లడ్డూ అవ్వ చేతిలో పెట్టింది.

"ఇది ఏం గుడిరా?" అంది అవ్వ.

"గుడి కాదుమా. చెన్నైలో కుక్క కాగితం పని రెండు రోజులు పడతాది. నువ్వు ఆడ ఇబ్బంది పడతావు. ఈడుండు. ఎల్లుండి వచ్చి తీసుకుపోతా."

"దానికేం నాయినా. ఉంటా" అని అవ్వ సంచి తీసుకుని దిగింది.

పాప వెనక మంచం మీద నిద్రపోతోంది. నేను అవ్వ వెంట దూకాను. కొడుకు నా గొలుసు పట్టుకుని ఆఫీసు గదిలోకి పోయాడు. ఎడమ చేతిలో నా గొలుసు, కుడి చేతిలో పెన్ను. అవ్వ బయట అరుగు మీద కూర్చుని పక్కామెకు లడ్డూ తుంచి పెడుతోంది.

"కొడుకులు, కూతుళ్ళు?" మేనేజరు అడిగాడు.

"ఎవరూ లేరు."

"ఉంటే మేం చేర్చుకోం సార్, ముందే చెప్తా ఉండా. ఇది ఎవరూ లేనోళ్ళకి. ఉండి కూడా వదిలేసి పోయినారంటే 2007 చట్టం ఉంది. మూడు నెలల దాకా జైలు, 5000 జరిమానా. మీరు ఆమెకేమవుతారు?"

"మా ఊరామె. పాపం చూసేవాళ్ళు లేకపోతే తీసుకొచ్చినా."

"ఫోటో?"

కొడుకు నీలం ఫైలు దారం విప్పాడు. నా ఫోటోల పక్కనున్న నాలుగింటిలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. మేనేజరు జిగురు రాసి అతికించాడు. కొడుకు ఒంటినుంచి చెమట వాసన గుప్పున కొట్టింది. మొగిలి ఘాట్‌లో నన్ను దించిన చేతికీ అదే వాసన ఉండింది. అప్పుడు నాకు తెలియలేదు.

బండి కదిలాక పాప లేచి, "జేజి ఏది?" అంది. "రెండు రోజులు రెస్టు" అంది కోడలు. రేణిగుంట దాటాక డీజిలు కోసం ఆపారు. డ్రైవరన్న తలుపు తీశాడు. తీపి ఎవరూ పెట్టలేదు. ఏ చెయ్యీ మెత్తగా తగల్లేదు. నేను దూకాను.

రైలు పట్టాల గ్రీజు వాసన ఎడమ చేతిన పెట్టుకుని పరుగెత్తాను. జులై ఎండ. తారు కాళ్ళకు అంటుకుంది. ఒక లారీ తోక మీదుగా పోయినంత పని చేసింది. రెండు ఊర్ల కుక్కలు తరిమాయి. ఎక్కడా ఆగలేదు. మట్టిరోడ్డు మలుపులో ఫినాయిలు వాసన దొరికింది. ఆ వాసన చివర అవ్వ అరుగు మీద ఉంది.

"నల్లోడా!" అని కేకేసి, గరుకు చేతుల్తో నా ముఖం పట్టుకుంది. "అంత దూరం ఎట్లొచ్చినావురా?" బొబ్బలెక్కిన నా పాదాల మీద చెంబుతో నీళ్ళు పోసింది. కొంగుతో తుడిచింది.

మేనేజరు వచ్చి నా మెడలో బిళ్ళ తిప్పి చూశాడు. ఫోను తీసి నంబరు నొక్కాడు. "హలో, మీ కుక్క ఇక్కడికి వచ్చింది సార్... సరే, రండి."

అవ్వ చెవిన పడింది 'రండి' ఒక్కటే. గబగబా లేచింది. ముఖం కడుక్కుంది, తల దువ్వుకుంది, సంచి సర్దుకుంది. అరుగు మీదున్న అందరికీ పేరు పేరునా చెప్పింది. "మావోడు వస్తా ఉండాడు. ఎల్లుండి అన్నోడు ఈ పొద్దే వస్తా ఉండాడు. నేను చెప్పలా?" నన్ను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి పోయి, సంచి చంకన పెట్టుకుని నిలబడింది.

అరగంట కూడా పట్టలేదు. దుమ్ము లేపుకుంటూ బండి వచ్చింది. పాప దూకి నన్ను వాటేసుకుని ఏడ్చింది. కొడుకు దిగాడు. అవ్వ సంచి ఆయనకు అందించబోయింది.

ఆయన వంగి నా మెడపట్టీకి గొలుసు తగిలించాడు. "థాంక్స్ సార్" అన్నాడు మేనేజరుతో. నన్ను రెండు చేతులతో ఎత్తి బండిలో పెట్టాడు. నేను గింజుకున్నాను. అవ్వ చెయ్యి సంచితో సహా గాల్లోనే ఉండిపోయింది.

అరుగు మీదినుంచి ఒకామె సంతోషంగా కేకేసింది. "పొయ్యిరా అక్కా! నీ కొడుకు రానే వచ్చినాడు గదా!"

మేనేజరు గేటు దగ్గర ఆగిపోయాడు. కొడుకు వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు. "ఈయన నీ కొడుకా అమ్మా? నీకెవరూ లేరని నా ముందరే రాసిచ్చినాడే! నిజం చెప్పు. కొడుకే అయితే ఇప్పుడే పోలీసులకు ఫోన్ చేస్తా. జైలుకు పోవాల్సిన పని ఇది."

కొడుకు ముఖంలో నెత్తురు లేదు. నోరు తెరిచాడు, మాట రాలేదు. పాప నన్ను పట్టుకుని మెట్టు మీద నిలబడి ఉంది. అవ్వ అందరినీ ఒకసారి చూసింది. చంకలోని సంచి తీసి మెల్లగా వెనక్కి దాచుకుంది.

"నాకు కొడుకుల్లేరు సామీ" అంది. "ఈయన మా ఊరాయన. కుక్క తప్పిపోతే వచ్చినాడు."